పొగ దెబ్బ నుంచి కణాలను కాపాడుకోవాలంటే: ముందు ఏం ఆపాలి, ఏం తినాలి, ఏది మింగకూడదు

ఇంట్లో ఒక్కరు బీడీయో సిగరెట్టో తాగినా, ఆ పొగ దెబ్బ ఇంటిల్లిపాది ఊపిరితిత్తులకూ తగులుతుంది. ఆ దెబ్బను కొంతవరకు కాచుకునే ఏర్పాటు మన ఒంట్లోనే ఉంది, దానికి కావలసిన సరుకు తిండి నుంచి వస్తుంది. యాంటీఆక్సిడెంట్లు అని మనం వింటున్నది ఈ సరుకు గురించే. కానీ ఈ పేరు చెప్పి మందుల షాపుల్లో సీసాలు అమ్ముతున్నారు. "రోజుకో ఉసిరికాయ తింటే సిగరెట్ ఏమీ చేయదు" అనే మాట హన్మకొండలో పొద్దున వాకింగ్ చేసేవాళ్ల నోట కూడా వినిపిస్తోంది. ఉసిరికాయ మంచిదే. ఆ మాట మాత్రం ప్రమాదం.

అందుకే ఒక వరుస ప్రకారం చెబుతాను. ముందు పొగ సంగతి, తర్వాత పళ్లెం సంగతి, ఆఖరున మాత్రల సంగతి. వరుస మార్చి తిండి దగ్గర మొదలుపెడితే ఎంత తిన్నా ఫలితం చాలా తక్కువ.

పొగ కణాన్ని ఎలా దెబ్బతీస్తుందో ముందు తెలుసుకోండి

ఇది చదవకుండా కిందికి వెళ్లకండి. ఎందుకు తింటున్నామో తెలిస్తేనే ఏం తినాలో గుర్తుంటుంది.

పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉన్నాయి. అందులో 70 దాకా క్యాన్సర్ తెచ్చేవి. ఇవి కాకుండా ఫ్రీ రాడికల్స్ ఉంటాయి. ఒక్క దమ్ములో లోపలికి వెళ్లే వాయువులోనే ఇవి 10 కోట్ల కోట్లు ఉంటాయని లెక్క, అంటే ఒకటి పక్కన 15 సున్నాలు. నల్లగా పేరుకునే తారులో ఉండేవి వేరే. వాయువులోవి చాలా త్వరగా అంతమవుతాయి కానీ తారులోవి చాలాసేపు నిలిచి ఉండి పని చేస్తూనే ఉంటాయి.

ఫ్రీ రాడికల్ అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు. జత కోసం అది పక్క అణువు నుంచి ఎలక్ట్రాన్ లాగేస్తుంది. అప్పుడు ఆ పక్క అణువుకు జత ఉండదు, అది ఇంకోదాని మీద పడుతుంది. కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో తయారైంది కాబట్టి ఈ గొలుసు అక్కడే ఎక్కువగా నడుస్తుంది. పొర దెబ్బతింటే కణం లోపలి వ్యవహారం అంతా చెదిరిపోతుంది. డీఎన్‌ఏకు తగిలితే అందులో అక్షరాలు మారతాయి, అలా మారినవి సరికాకుండా పోగుపడితే క్యాన్సర్‌కు దారి.

ఊపిరితిత్తుల్లో ఇంకో నష్టం జరుగుతుంది. గాలి గదులకు సాగే గుణం ఇచ్చే నారను, తెల్ల రక్తకణాల నుంచి వచ్చే ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ కోసేస్తుంటుంది. దాన్ని అదుపులో పెట్టే ప్రోటీన్ ఒకటి మనకు ఉంది, దాని పేరు ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. పొగలోని రసాయనాలు ఈ ప్రోటీన్‌ను ఆక్సీకరించి పనికిరాకుండా చేస్తాయి. ఏళ్ల తరబడి ఇలా జరిగితే గాలి గదులు సాగి చిరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చే పెద్దవాళ్లు మన వాడల్లో చాలామంది ఉన్నారు, వాళ్లలో ఎందరికో జరిగింది ఇదే. చిరిగిన గదులు మళ్లీ అతుక్కోవు.

ఇక అక్రోలిన్, ఫార్మాల్డిహైడ్ లాంటివి ఫ్రీ రాడికల్స్ కావు, కానీ అంతే చెడ్డవి. కళ్లు మండేది, గొంతు గీరుకునేది ఎక్కువగా వీటివల్లే. అక్రోలిన్ నేరుగా వెళ్లి మన ఒంటిలోని గ్లుటాథియోన్‌ను పట్టుకుంటుంది.

ఈ గ్లుటాథియోన్ పేరు గుర్తు పెట్టుకోండి. ప్రోటీన్‌కు మూల సరుకైన అమైనో ఆమ్లాలు మూడింటితో కణాలే దీన్ని తయారు చేసుకుంటాయి. ఊపిరితిత్తుల లోపలి గోడల మీద ఉండే పలుచటి తడిలో ఇది రక్తంలో కన్నా వంద రెట్లకు పైగా ఉంటుంది. బయటి గాలి నేరుగా తగిలే చోటు కదా, శరీరం అక్కడ ముందుగానే కాపలా పెట్టుకుంది. ఒక్కో సిగరెట్టు తాగినప్పుడల్లా ఆ నిల్వలో కొంత ఖర్చవుతుంది.

గ్లుటాథియోన్ ఒంటరిగా పనిచేయదు. సూపర్‌ఆక్సైడ్ అనే రాడికల్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చే ఎంజైమ్ ఒకటి ఉంది, సూపర్‌ఆక్సైడ్ డిస్మ్యుటేజ్. ఆ పనిచేసే ఎంజైమ్ ఇదేనని 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ అనే శాస్త్రవేత్తలు గుర్తించారు. దానికి జింక్, రాగి, మాంగనీస్ కావాలి. ఆ పెరాక్సైడ్‌ను నీళ్లుగా మార్చేవి ఇంకో రెండు. వాటిలో కెటలేజ్‌కు ఇనుము, గ్లుటాథియోన్ పెరాక్సిడేజ్‌కు సెలీనియం కావాలి. కణం పొరలో విటమిన్ ఈ కూర్చుని ఉంటుంది, గొలుసు తన దగ్గరికి రాగానే తన ఎలక్ట్రాన్ ఇచ్చి ఆపేస్తుంది. అలా ఇచ్చి చతికిలపడ్డ విటమిన్ ఈ ని విటమిన్ సి మళ్లీ లేపుతుంది, విటమిన్ సి ని గ్లుటాథియోన్ లేపుతుంది. అంటే ఇది చేతులు మారుతూ నడిచే పని. ఒక్క సరుకును పుష్కలంగా తెచ్చి మిగతావి లేకుండా చేస్తే నడవదు. మాత్రల గురించి తర్వాత చెప్పబోయేదానికి ఇదే మూలం.

వీటి చేతికి అందనివి కూడా ఉన్నాయి. కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది, దాన్ని ఏ పండూ విడిపించదు. పొగలోని కాడ్మియం అనే లోహం కిడ్నీల్లో చేరి దశాబ్దాల పాటు ఉండిపోతుంది. నికోటిన్ అలవాటును ఏ కూరా తెంచదు. పొంగే పాల మీద నీళ్లు చల్లితే కాసేపు అణుగుతాయి, కింద మంట తగ్గించకపోతే మళ్లీ పొంగుతాయి. యాంటీఆక్సిడెంట్లు ఆ చల్లే నీళ్లు మాత్రమే.

మంట ఆపండి

"తగ్గించాను, రోజుకు రెండే" అనేవాళ్లకు ఒక మాట. రోజుకు ఒక్క సిగరెట్ తాగినా, 20 తాగేవాళ్లకు గుండెజబ్బు విషయంలో పెరిగే ముప్పులో దాదాపు సగం వచ్చేస్తుందని పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2018 నాటి పరిశీలనలో తేలింది. తగ్గించడం మానడానికి దారి అయితే సరే, అక్కడే ఆగిపోతే చాలదు.

బీడీ తేలిక అనుకోవద్దు. మన ములుగు, భూపాలపల్లి, ఆదిలాబాద్ అడవుల్లోంచి వచ్చే తునికాకుతో చుట్టిన బీడీలో పొగాకు తక్కువే. కానీ ఆకులోంచి గాలి సరిగా ఆడదు. ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. అలా పీల్చడం వల్ల తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కన్నా తక్కువేమీ కాదు, చాలాసార్లు ఎక్కువే లోపలికి పోతాయి. చుట్టకూ ఇదే మాట.

మానాలనుకుంటే ఇలా చేయండి. ఒక తేదీ పెట్టుకుని ఇంట్లోవాళ్లకు చెప్పండి. జాతీయ టొబాకో క్విట్‌లైన్ నంబర్ 1800-11-2356, ఫోన్‌కు డబ్బులు పడవు, అక్కడ కౌన్సెలర్లు మాట్లాడతారు. నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములది మందుల షాపుల్లో దొరుకుతుంది, కానీ చాలామంది దాన్ని మామూలు చూయింగ్‌గమ్‌లా నమిలి "పనిచేయలేదు" అని పారేస్తారు. మెల్లగా నమిలి, నోట్లో చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: నిమ్మరసం, టీ, కూల్‌డ్రింక్ లాంటివి తాగిన 15 నిమిషాల దాకా గమ్ వేసుకోవద్దు. నోట్లో పులుపు ఉంటే నికోటిన్ ఒంటికి సరిగా పట్టదు. పొద్దున లేచిన అరగంటలోపే వెలిగించే అలవాటు ఉన్నవాళ్లకు 2 మిల్లీగ్రాములు చాలకపోవచ్చు, డాక్టర్‌ను అడగండి. గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ముందే అడగాలి.

మొదటి వారం టెన్షన్, చిరాకు, మలబద్ధకం ఉంటాయి. చేతికి, నోటికి పని కావాలి కాబట్టి వేయించిన పల్లీలు, జామ ముక్కలు, సోంపు జేబులో పెట్టుకోండి. ఇంట్లోవాళ్లు ఆ వారం రోజులు ఓపిక పట్టండి, కోపంలో అన్న మాటలను మనసులో పెట్టుకోకండి. అంతకన్నా పెద్ద సాయం లేదు.

పక్కవాళ్ల ఊపిరి

కొస నుంచి మండుతూ లేచే పొగ, తాగేవాళ్లు ఫిల్టర్ గుండా పీల్చే పొగ కన్నా ఘాటైనది. గది కిటికీ తెరిచినా, ఫ్యాన్ పెట్టినా అది పూర్తిగా పోదు. వాకిట్లో, పిల్లలు లేని చోట తాగడం ఒక్కటే ఇంట్లోవాళ్లకు కాస్త మేలు. తాగి వచ్చాక చేతులు కడుక్కుని, అంగీ మార్చుకుని పిల్లల్ని ఎత్తుకోండి. బట్టలకు, గోడలకు, మంచం పరుపులకు అంటుకున్న పదార్థం చాలా రోజులు ఉంటుంది. ఊరి బస్సుస్టాండులో, హోటల్లో ఎవరైనా తాగుతుంటే ఆపమని అడిగే హక్కు మీకు ఉంది. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని 2008 అక్టోబర్ 2 నుంచి దేశమంతటా నిషేధించారు.

కట్టెల పొయ్యి మీద వండే ఇళ్లలో పొగ రెట్టింపు. పొయ్యిని వంటింట్లోంచి బయటికి మార్చగలిగితే మార్చండి, వెనుక రేకు షెడ్డు కింద అయినా సరే.

విటమిన్ సి: రోజూ లెక్క చూసుకోవలసింది ఇదొక్కటే

ఇక తిండికి వద్దాం. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను విటమిన్ సి దగ్గర మొదలుపెట్టమంటాను. కారణం సూటిగా ఉంది. పొగ తాగేవాళ్ల రక్తంలో ఇది తాగనివాళ్ల కన్నా తక్కువ ఉంటుంది, ఇద్దరూ ఒకే తిండి తిన్నా సరే. పొగను ఎదుర్కోవడంలోనే అది ఖర్చయిపోతుంది.

మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మగవాళ్లకు రోజుకు 80 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలి. పొగ తాగేవాళ్లకు ఇంకో 35 మిల్లీగ్రాములు ఎక్కువ కావాలని అమెరికా నిపుణులు 2000లోనే చెప్పారు. రెండూ కలిపితే మగవాళ్లకు 115 అనుకోండి. ఇదేమీ అందని లెక్క కాదు. ఒక మామూలు సైజు జామకాయలో దాదాపు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. ఒక్క కాయతో రోజు గడిచిపోతుంది. ఉసిరిలో 100 గ్రాములకు 250 మిల్లీగ్రాములకు తక్కువ ఉండదు.

ఎక్కువ తింటే ఎక్కువ రక్షణ అనుకోకండి. రోజుకు 200 మిల్లీగ్రాములు దాటాక రక్తంలో మట్టం పెద్దగా పెరగదు, మిగిలింది ఒంట్లోంచి బయటికి పోతుంది. రోజుకు 2 గ్రాములు దాటితే విరేచనాలు, కొందరికి కిడ్నీలో రాళ్లు. అంటే మీకు కావలసింది ఒక పండు, రోజూ, తప్పకుండా. నెలకోసారి కిలో తేవడం కాదు.

మన దగ్గర కాలాన్ని బట్టి దొరికేవి ఇవి. వానాకాలం మొదట్లో అల్లనేరేడు, అందులో విటమిన్ సి కన్నా ఊదారంగు ఇచ్చే ఆంథోసయనిన్లు ముఖ్యం. దసరా ముందు నుంచి సీతాఫలం. గుట్టల మీది చెట్ల నుంచి కోసి గంపల్లో తెచ్చి వరంగల్, కరీంనగర్ రోడ్ల పక్కన అమ్ముతారు, షుగర్ ఉన్నవాళ్లు సగం కాయతో ఆగాలి. కార్తీకంలో ఉసిరి, చలికాలమంతా జామ, సంక్రాంతికి రేగుపండ్లు. ఎండాకాలంలో చింతచిగురు, పచ్చి మామిడికాయ. ఏమీ దొరకని రోజున నిమ్మకాయ ఎప్పుడూ ఉంటుంది.

ఈ విటమిన్‌కు వేడి పడదు, నీళ్లలో కరిగిపోతుంది, కోసి గాలికి ఉంచితే తగ్గుతుంది. కాబట్టి కూరగాయలను కడిగాకే కోయండి, కోసి నీళ్లలో నానబెట్టకండి. పప్పు దించి కాస్త ఆరాకే నిమ్మకాయ పిండండి, ఉడికేటప్పుడు కాదు. ఉసిరికాయను పచ్చిగా కొరికి తినలేకపోతే తురిమి పెరుగులో కలపండి, లేదా పచ్చి తొక్కు నూరి అప్పటికప్పుడు తినండి. ఏడాది నిల్వ పచ్చడి రుచికి సరే, విటమిన్ సి కోసం దాన్ని నమ్ముకోవద్దు, పైగా అందులో ఉప్పు ఎక్కువ. పొగ తాగేవాళ్లకు బీపీ ముప్పు కూడా ఉంటుంది కదా.

ఆకుకూరలు, గింజలు, గుడ్డు

విటమిన్ ఈ, సెలీనియం, జింక్, గ్లుటాథియోన్ తయారీకి కావలసిన ప్రోటీన్ ఎక్కడినుంచి వస్తాయో ఇప్పుడు చూడండి. ఇక్కడ మిల్లీగ్రాముల లెక్క అక్కర్లేదు, వారంలో ఏం తింటున్నామో చూసుకుంటే చాలు.

పల్లీలు, నువ్వులు మన వంటలో ఎటూ ఉన్నవే. విటమిన్ ఈ పల్లీల్లో మంచి మోతాదులోనే ఉంది. నువ్వుల్లో ఉండే లిగ్నన్లు అనే పదార్థాలు ఆ విటమిన్ ఈ ఒంట్లో త్వరగా ఖర్చు కాకుండా చూస్తాయి. జొన్నరొట్టెతో పల్లీల తొక్కు, సకినాల్లో నువ్వులు, ఇవి పండగ తిండే కాదు, కణం పొరకు బలం. అయితే సకినాలు నూనెలో వేగినవి కాబట్టి రోజూ తినే నువ్వులు పొడి రూపంలో ఉండాలి. వాడిన నూనెనే మళ్లీ మళ్లీ మరిగించకండి. అలా కాగిన నూనెలో ఆక్సీకరణ చెందిన కొవ్వులు ఉంటాయి, అక్రోలిన్ కూడా పుడుతుంది. పొగలో ఉన్న విషమే బజ్జీల మూకుడులోంచి కూడా రావడం బాధాకరం.

ఆకుకూరల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది గంగవాయిలి. పొలం గట్ల మీద, పత్తి చేలల్లో కలుపుగా మొలిచి పీకి పారేసే ఈ మొక్కలో విటమిన్ ఈ, విటమిన్ సి, గ్లుటాథియోన్, ఒమేగా-3 కొవ్వు అన్నీ ఉన్నాయి. ఆకుకూరల్లో ఇన్ని ఒకేచోట ఉండడం అరుదు. అంగట్లో కట్ట కొనడానికి పది రూపాయలు కూడా పెట్టనక్కర్లేని రోజులు ఉంటాయి. పప్పులో వేసి, దించాక నిమ్మకాయ పిండితే మన ఒంటికి కావలసిన చాలా సరుకు ఒక గిన్నెలో దొరికినట్టే. మందులు కొట్టిన చేలల్లోది మాత్రం తెంపకండి. పత్తి చేలల్లో మందుల వాడకం ఎక్కువ కాబట్టి ఈ జాగ్రత్త ముఖ్యం. ఇంటి వెనక కుండీలో వేసుకున్నా పెరుగుతుంది.

మునగాకు, పుంటికూర, తోటకూర వారంలో మార్చి మార్చి వండండి. వీటిలోని కెరోటిన్లు, అంటే ఒంట్లో విటమిన్ ఎ గా మారే రంగు పదార్థాలు, కొవ్వులో కరుగుతాయి, కాబట్టి ఆకుకూరకు చెంచా నూనెతో తాలింపు ఉండాల్సిందే.

ఎల్లిగడ్డ, ఉల్లిగడ్డ, క్యాబేజీ, ముల్లంగి, ఆవాలు, వీటిది వేరే దారి. ఇవి నేరుగా రాడికల్‌ను పట్టుకోవడం కన్నా, కణంలోపల ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రోటీన్‌ను మేల్కొలుపుతాయి. అది కేంద్రకంలోకి వెళ్లి గ్లుటాథియోన్‌ను, విషాలను బయటికి పంపే ఎంజైమ్‌లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. దీన్ని లేపే వాటిలో బాగా పరిశోధించినది క్యాబేజీ జాతిలోంచి వచ్చే సల్ఫొరఫేన్. అది కూరలో సిద్ధంగా ఉండదు, కోసినప్పుడు ఒక ఎంజైమ్ దాన్ని పుట్టిస్తుంది, ఆ ఎంజైమ్ వేడికి చచ్చిపోతుంది. అందుకే క్యాబేజీని కోసి కాసేపు పక్కన పెట్టి తర్వాత పొయ్యి మీద పెట్టండి. ఎక్కువ సేపు ఉడికించిన క్యాబేజీ అయితే దించాక చిటికెడు పచ్చి ఆవపిండి చల్లండి, ఆవాల్లో అదే ఎంజైమ్ ఉంటుంది. ఎల్లిగడ్డను కూడా దంచి పది నిమిషాలు ఆగాక నూనెలో వేయాలి.

గుడ్డు, పప్పులు, చేప, పాలు. వీటిలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లం లేకపోతే గ్లుటాథియోన్ తయారు కాదు. పొగ తాగేవాళ్లలో చాలామంది టీ, బీడీతో పొద్దున టిఫిన్ దాటేస్తారు, ఆకలి తెలియదు. అలా ప్రోటీన్ తగ్గి, కాపలా కూడా తగ్గుతుంది. కాబట్టి ఉదయం ఒక ఉడికించిన గుడ్డు లేదా గుప్పెడు పెసర మొలకలు తప్పనిసరి చేసుకోండి.

పసుపు, మిర్చి సంగతి

నిజామాబాద్ పసుపు, ఎనుమాముల మార్కెట్ మిర్చి మనకు గర్వం. రెండింటిలో మంచి గుణాలు ఉన్నాయి. పసుపులోని కర్కుమిన్ ప్రయోగశాలలో ఎన్‌ఆర్‌ఎఫ్2 ను లేపుతుంది. కానీ తిన్నదాంట్లో చాలా కొంచెమే రక్తంలోకి చేరుతుంది. నూనె, మిరియాల పొడి తోడైతే కొంచెం మెరుగు. అందుకని కూరలో, చారులో వేసుకునేంత పసుపు మంచిదే, చెంచాలకు చెంచాలు పాలలో కలిపి తాగడం వల్ల అదనంగా ఏమీ రాదు. గాఢమైన కర్కుమిన్ క్యాప్సూల్స్ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి, వాటికి దూరంగా ఉండండి.

మిర్చిలో ఎర్రదనం కెరోటినాయిడ్ల నుంచి వస్తుంది. వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాన్ని టమాట మిర్చి అని కూడా అంటారు. ముదురు ఎరుపు, కారం తక్కువ. కడుపులో మంట ఉన్నవాళ్లకు మామూలు కారం కన్నా ఇది నయం. ఎండుమిర్చిలో రంగు మిగులుతుంది కానీ విటమిన్ సి చాలావరకు పోతుంది. దానికోసమైతే పచ్చిమిర్చి మేలు.

మాత్రలు: ఇక్కడ ఆగి చదవండి

పొగ తాగేవాళ్లు, ఇటీవలే మానేసినవాళ్లు బీటా కెరోటిన్ మాత్రలు వేసుకోకూడదు. నేను ఈ వ్యాసం రాయడానికి సగం కారణం ఇదే.

క్యారెట్లు, ఆకుకూరలు ఎక్కువ తినేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా కనిపించడంతో, అందులోని బీటా కెరోటిన్‌ను మాత్రగా ఇస్తే ఇంకా మేలని శాస్త్రవేత్తలు ఆశపడ్డారు. ఫిన్లాండ్‌లో పొగ తాగే 29,133 మంది మగవాళ్లతో పరీక్ష మొదలుపెట్టారు. కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, కొందరికి విటమిన్ ఈ, కొందరికి రెండూ, కొందరికి మందు లేని ఉత్త మాత్ర. ఫలితం 1994లో వచ్చింది. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. విటమిన్ ఈ వల్ల ఊపిరితిత్తులకు ఏ మేలూ కనిపించలేదు. అమెరికాలో 18,314 మందితో ఇంకో పరీక్ష అప్పట్లో నడుస్తుండేది. పొగ తాగేవాళ్లు, మానేసినవాళ్లు, ఆస్బెస్టాస్‌తో పనిచేసినవాళ్లు అందులో ఉన్నారు. వాళ్లకు 30 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్‌తోపాటు విటమిన్ ఎ ఇచ్చారు. అక్కడ 28 శాతం పెరిగింది. 1996 జనవరిలో, గడువుకు 21 నెలల ముందే, మాత్రలు ఆపేశారు.

ఎందుకిలా? బీటా కెరోటిన్ ఒక మోతాదు దాటి, ఆక్సిజన్ నిండుగా ఉండే ఊపిరితిత్తుల్లో పొగతో కలిసినప్పుడు తానే విరిగిపోయి చెడ్డ పదార్థాలుగా మారుతుందని, కణాల పెరుగుదలను అదుపుతప్పిస్తుందని ఎక్కువమంది భావిస్తున్నారు. తోడు సరుకులు లేకుండా ఒక్కదాన్నే కుప్పపోస్తే వచ్చే చిక్కు ఇది. క్యారెట్లు, మునగాకు తింటే ఇలా జరగదు, ఆ భయం వద్దు. పండులో, ఆకులో అది కొద్దికొద్దిగా, వందరకాల పదార్థాలతో కలిసి వస్తుంది.

కాబట్టి ఇంట్లో ఉన్న మల్టీవిటమిన్ సీసాను ఇప్పుడే తీసి వెనక అచ్చు చదవండి. బీటా కెరోటిన్ అని ఉంటే ఎంత ఉందో చూసి డాక్టర్‌కో ఫార్మసిస్ట్‌కో చూపించండి. కళ్ల కోసమని అమ్మే మాత్రల్లో కూడా ఇది ఉండొచ్చు. "యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్" అని మాత్రమే చెప్పి అమ్మితే కొనకండి. డాక్టర్ ఏదైనా లోపానికి రాసిన మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. పొగ తాగుతారని ఆయనకు చెప్పండి, చాలామంది ఆ సంగతి దాచిపెడతారు.

తిండి విషయంలోనూ కొందరు ఆగి అడగాలి. రక్తం పలుచబడడానికి వార్ఫరిన్ లాంటి మందు వాడేవాళ్లు ఆకుకూరల మోతాదు ఒక్కసారిగా పెంచవద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు గంగవాయిలి, పాలకూర, చుక్కకూర, పండ్ల విషయం డాక్టర్‌తో మాట్లాడాకే. గంగవాయిలిలో ఆక్సలేట్ ఎక్కువ, రాళ్లు వచ్చే గుణం ఉన్నవాళ్లు కూడా చూసుకోవాలి.

బీడీలు చేసే అక్కలకు

సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్, కామారెడ్డి వైపు ఇళ్లలో ఒళ్లో చాట పెట్టుకుని రోజంతా బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒక్క దమ్ము కూడా కొట్టరు. అయినా తంబాకు దుమ్ము ముక్కులోకి, నికోటిన్ చేతుల చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. చాలామందికి తలనొప్పి, కళ్లు తిరగడం, దగ్గు. పని మానమని చెప్పే హక్కు నాకు లేదు, ఆ కూలీ మీదే ఎన్నో ఇళ్లు గడుస్తున్నాయి. చేయగలిగింది చెబుతాను.

చాట వాకిట్లో, గాలి ఆడే చోట పెట్టుకోండి. వంటింట్లో, పిల్లలు పడుకునే గదిలో తంబాకు నిల్వ పెట్టకండి. ముక్కుకు తడి బట్ట కాదు, పొడి బట్టతో కుట్టిన మాస్కు కట్టుకుని రోజూ ఉతకండి. చెమటపట్టిన, తడి చేతులతో తంబాకు పట్టుకుంటే నికోటిన్ ఎక్కువగా లోపలికి పోతుంది, చేతులు తుడుచుకుంటూ ఉండండి. అన్నం ముట్టే ముందు, చంటిపిల్లకు పాలిచ్చే ముందు సబ్బుతో మోచేతుల దాకా కడగండి. చీర మార్చండి. మీ పళ్లెంలో గుడ్డు, పప్పు, ఒక పండు ఉండేలా చూసుకోండి. ఇంట్లో అందరికీ పెట్టి ఆఖరున మిగిలిన చారుతో సరిపెట్టుకుంటే ఒంటికి కాపలా సరుకు ఎక్కడినుంచి వస్తుంది? రక్తహీనత పరీక్ష ఏడాదికోసారి పీహెచ్‌సీలో చేయించుకోండి.

సింగరేణి బొగ్గు గనుల్లో, గ్రానైట్ క్వారీల్లో, జిన్నింగ్ మిల్లుల్లో పనిచేస్తూ పొగ కూడా తాగేవాళ్లకు దుమ్ము, పొగ రెండు దెబ్బలూ ఒకేచోట తగులుతాయి. వాళ్లకు మాస్కు, మానడం రెండూ ఈ వ్యాసంలోని ఏ పండు కన్నా ముందు.

ఎప్పుడు తిండిని పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి

రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించండి. పొగ తాగేవాళ్లకు క్షయ వచ్చే అవకాశం ఎక్కువ, ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం. తెమడలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తగ్గకపోవడం, నోట్లో మానని పుండు లేదా తెల్లమచ్చ, ఛాతీలో బరువు, వీటిలో ఏది కనిపించినా ఆ వారమే వెళ్లండి. వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి వెళ్లేటప్పుడు ఎన్నేళ్లుగా, రోజుకు ఎన్ని తాగుతున్నారో కాగితం మీద రాసుకుని పోండి, రద్దీలో చెప్పడం మరచిపోతారు. నలభై దాటి ఆయాసం ఉన్నవాళ్లు ఊదే పరీక్ష చేయమని అడగండి, దాన్ని స్పైరోమెట్రీ అంటారు. ఎక్స్‌రేలో కనిపించని నష్టం కూడా ఇందులో తెలుస్తుంది.

మానేసినవాళ్లు ఏం ఎదురుచూడొచ్చో కూడా చెబుతాను, తేదీ పెట్టుకునేటప్పుడు పనికొస్తుంది. 20 నిమిషాల్లో గుండె వేగం తగ్గుతుంది. ఒక రోజు తిరిగేసరికి రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది. కొన్ని వారాల్లో రక్తంలో విటమిన్ సి లాంటివి పెరుగుతాయి, ఇప్పుడు మీరు తినే జామకాయ పొగతో పోరాడడానికి కాక ఒంటి బాగుకే పోతుంది. నెల నుంచి తొమ్మిది నెలల్లో దగ్గు, ఆయాసం తగ్గుతాయి. మొదట్లో కొందరికి దగ్గు పెరుగుతుంది. శ్వాసనాళాల్లోని సన్నని నూగు మళ్లీ కదిలి కఫాన్ని బయటికి నెట్టడం వల్ల అలా జరుగుతుంది, దానికి భయపడి మళ్లీ వెలిగించకండి. ఏడాదికి గుండెజబ్బు అదనపు ముప్పు సగానికి వస్తుంది. పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు, తాగుతూనే ఉన్నవాళ్లతో పోలిస్తే సగం దాకా తగ్గుతుంది.